మోటారు వేడి ఎటు పోవాలి?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో సేద్యం గురించి మాట్లాడాలంటే మోటారు గురించి మాట్లాడక తప్పదు. గోదావరి జగిత్యాల జిల్లా పక్కనుంచే పారుతున్నా ఇక్కడి పొలాలు చాలావరకు నది కంటే ఎత్తున ఉన్నాయి. కాలువ పారే ఊళ్లు కొన్నయితే, రాతి నేలలో బోరు వేసుకుని కరెంటు పెట్టి నీళ్లు పైకి లాక్కునే ఊళ్లు ఎన్నో. ఎత్తిపోతల మాట వచ్చినప్పుడల్లా మనం టీఎంసీలు లెక్కపెడతాం, మెగావాట్లు లెక్కపెడతాం, కోట్ల రూపాయలు లెక్కపెడతాం. ఆ మోటారులో ఎంత వేడి పుడుతోంది, ఆ వేడి ఎటు పోతోంది అన్న లెక్క మాత్రం ఇంజనీర్ల రిజిస్టర్లు దాటి బయటికి రాదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ లెక్క గురించే. ఒక మోటారు ఎంత పని చేయగలదో తేల్చేది అది ఎంత వేడిని వదిలించుకోగలదన్న సంగతి. ఆ వేడిని మోసుకుపోయే కొద్దిపాటి నీటికి, నూనెకు మనం ఇస్తున్న విలువ చాలా తక్కువ. ఎత్తిపోసే పెద్ద నీటి మీద పెట్టే శ్రద్ధ ఈ చిన్న నీటి మీదా పెట్టాలన్నది నా వాదన.

కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూమి లోపల కట్టిన గాయత్రి పంప్‌హౌస్‌ను తీసుకుందాం. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో ఇది ఎనిమిదో ప్యాకేజీ. ఎల్లంపల్లి జలాశయం నీరు నంది మేడారం దాటి జంట సొరంగాల గుండా ఇక్కడికి చేరుతుంది. ఇక్కడ ఏడు మోటార్లున్నాయి. ఒక్కొక్కటి 139 మెగావాట్లది, భెల్ సంస్థ తయారీ. ఒక్కో పంపు 3,150 క్యూసెక్కులు, అంటే సెకనుకు 89 ఘనమీటర్ల నీటిని 110 మీటర్లకు పైగా ఎత్తుకు తోస్తుంది. ఆ నీరు వరద కాలువలో కలిసి ఒకవైపు సిరిసిల్ల జిల్లా మాన్వాడ దగ్గర ఉన్న మిడ్‌మానేరుకు పోతుంది. ఇంకోవైపు అదే కాలువలో ఎదురెక్కి శ్రీరాంసాగర్ జలాశయం చేరేలా పునరుజ్జీవ పథకం చేపట్టారు. 2017 ఆగస్టులో దానికి శంకుస్థాపన జరిగింది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం రాంపూర్‌లో ఒకటి, కోరుట్ల వైపు రాజేశ్వరరావుపేటలో ఒకటి, నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌లో ఒకటి, మొత్తం మూడు పంప్‌హౌస్‌లు. ఒక్కోదానిలో 6.5 మెగావాట్ల పంపులు ఎనిమిదేసి. మిడ్‌మానేరు అవతల సిరిసిల్ల జిల్లాలోనే ఇల్లంతకుంట మండలం తిప్పాపూర్‌లో 106 మెగావాట్ల మోటార్లు నాలుగు. అంటే ఈ మూడు పట్టణాల చుట్టూ, బస్సులో ఒక్క రోజులో తిరిగి రాగల దూరంలో, దేశంలోని అతి పెద్ద పంపు మోటార్లలో చాలా ఉన్నాయన్నమాట.

ఇక వేడి లెక్క చూద్దాం. ఇంత పెద్ద మోటారు తీసుకున్న కరెంటును దాదాపు వృథా చేయదు. నూటికి తొంభై ఎనిమిది పాళ్లకు పైగా ఇరుసు తిప్పడానికే పోతుంది. మిగిలేది ఒకటిన్నర శాతం అనుకుందాం. వినడానికి అది లెక్కలోకి రానట్టే ఉంటుంది. కాని 139 మెగావాట్లలో ఒకటిన్నర శాతమంటే రెండు మెగావాట్లకు పైమాటే. మోటారు తిరుగుతున్నంతసేపూ, పగలూ రాత్రీ, రెండు వేల కిలోవాట్ల వేడి ఆ రాగి చుట్టల్లో, ఇనుప పలకల్లో, బేరింగుల్లో పుడుతూనే ఉంటుంది. దాన్ని గాలితో బయటికి పంపాలని చూస్తే, గాలి ఇరవై డిగ్రీలు వేడెక్కుతుందనుకున్నా సెకనుకు ఎనభై ఘనమీటర్లకు పైగా గాలి కావాలి. ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. పంపు ఎత్తే నీరు సెకనుకు 89 ఘనమీటర్లు. దాని మోటారు లోపల తిరగాల్సిన గాలి కూడా ఇంచుమించు అంతే. అదే వేడిని నీటికి అప్పగిస్తే, నీరు ఎనిమిది డిగ్రీలు వేడెక్కనిచ్చినా సెకనుకు అరవై లీటర్లు చాలు. అంటే ఎత్తే నీటిలో సుమారు పదిహేను వందల వంతు. ఒకే పరిమాణంలో తీసుకుంటే గాలి కంటే నీరు దాదాపు మూడున్నర వేల రెట్లు వేడిని మోస్తుంది. అందుకే ఈ తేడా.

ఇలాంటి నిలువు మోటార్లలో గాలినీ నీటినీ కలిపి వాడటం పరిపాటి. మోటారు చుట్టూ మూసిన గది ఉంటుంది. తిరిగే రోటరే లోపలి గాలిని తోస్తుంది. ఆ గాలి కదలకుండా ఉండే స్టేటర్ ఇనుప దొంతరల మధ్య వదిలిన సన్నని సందుల్లోంచి దూరి, వేడిని పట్టుకుని బయటి అంచుకు వస్తుంది. అక్కడ వరసగా నిలబెట్టిన కూలర్లు ఉంటాయి. వాటిలో సన్నని గొట్టాలు, గొట్టాలకు రేకుల్లాంటి రెక్కలు, గొట్టాల లోపల నీళ్లు. వేడి గాలి ఆ రెక్కల మధ్య నుంచి పోతూ వేడిని నీటికి ఇచ్చేసి, చల్లబడి మళ్లీ లోపలికి వెళుతుంది. బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ దగ్గర ఇంకో ఏర్పాటు ఉంటుంది. వందల టన్నుల బరువు, దాని మీద నీటి ఒత్తిడి, అంతా ఒక సన్నని నూనె పొర మీద తిరగాలి. నూనె వేడెక్కితే పలచబడుతుంది, పలచబడితే ఆ పొర తెగి లోహానికి లోహం రాసుకుంటుంది. అందుకని ఆ నూనెనూ నీటితోనే చల్లార్చాలి. ఇలా చూస్తే 139 మెగావాట్ల యంత్రం కొన్ని సన్నని గొట్టాల్లో పారే నీటిని నమ్ముకుని తిరుగుతోంది.

మరి చిన్న మోటార్లకు ఇదంతా ఎందుకు అక్కర్లేదు? సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో ఒక్కో మగ్గానికి ఒక గుర్రపు శక్తి మోటారు అనుకుందాం. గాయత్రి మోటారు ఒక్కటి అలాంటివి లక్షా 86 వేలకు సమానం. విచిత్రమేమంటే, ఆ లక్షా 86 వేల మగ్గం మోటార్లు కలిసి పుట్టించే వేడి గాయత్రి మోటారు వేడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఎందుకంటే చిన్న మోటారు సామర్థ్యం తక్కువ, నూటికి ఇరవై పాళ్ల దాకా వేడిగానే పోతుంది. అయినా ఒక్కో మోటారుకు తన ఒళ్లు తనకుంది. వెనక చిన్న ఫ్యాను తిరిగితే చాలు, దూది నుసి పేరుకుని రెక్కల సందులు మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. యంత్రం పొడవు, వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే దాని ఒంటి విస్తీర్ణం నాలుగింతలే అవుతుంది, లోపలి రాగి, ఇనుము మాత్రం ఎనిమిదింతలవుతాయి. పుట్టే వేడి లోపలి సరుకును బట్టి పెరుగుతుంది, పోయే వేడి ఒంటిని బట్టి పెరుగుతుంది. పెళ్లి వంటలో గుండిగ మధ్యలోని అన్నం పొగలు కక్కుతుంటే విస్తట్లో పరిచిన అన్నం చిటికెలో ఆరిపోవడం ఈ కారణం వల్లే. పెద్ద మోటారుకు తనంతట తాను చల్లారే యోగం లేదు. దాని లోపలికి వెళ్లి వేడిని తీసుకురావాలి.

తీసుకురాకపోతే ఏమవుతుంది? రాగి కరగదు, ఇనుము కరగదు. ముందు చచ్చేది వాటి మధ్య ఉన్న ఇన్సులేషన్. పెద్ద మోటార్లలో వాడే ఎఫ్ తరగతి ఇన్సులేషన్‌కు హద్దు 155 డిగ్రీలు. హద్దు దాటగానే అది భగ్గున మండిపోదు, అలాగని హద్దు లోపల ఎంత వేడయినా ఫర్వాలేదనీ కాదు. పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఇన్సులేషన్ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్నది విద్యుత్ ఇంజనీర్లు తరాలుగా పాటిస్తున్న మోటు లెక్క. ముప్పై ఏళ్లు రావాల్సిన వైండింగ్ ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువ వేడిలో తిరిగితే పదిహేనేళ్లకే అలసిపోతుంది. దీనికి తోడు ఇంకో చిక్కు. రాగి వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి నూటికి 0.39 వంతున. నిరోధం పెరిగితే అదే కరెంటుకు ఇంకా వేడి పుడుతుంది. కూలర్ గొట్టంలో కొద్దిగా పేరుకున్న మడ్డి ఆరోజు ఏ ప్రమాదమూ చేయదు. ఏ అలారమూ మోగదు. ఏళ్ల తర్వాత వైండింగ్ కాలినప్పుడు దాని పేరు ఎవరికీ గుర్తుకు రాదు. ఈ విషయంలో నాకున్న అసలు ఆందోళన ఇదే: చల్లబరిచే ఏర్పాటులో లోపం ఆలస్యంగా, వేరే పేరుతో బయటపడుతుంది.

పెద్ద మోటారు వేడిని నీటికే అప్పగించాలన్న మాటకు ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. పెద్ద యంత్రాలకు నీళ్లు తప్పనిసరి అంటున్నారే, చైనాలో బైహెతాన్ జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 1,000 మెగావాట్ల జనరేటర్లను గాలితోనే చల్లబరుస్తున్నారు కదా అని అడగవచ్చు. నిజమే. అంతకు ముందు బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులోని ఇటైపూలో 700 మెగావాట్ల జనరేటర్ల స్టేటర్ రాగి లోపలికే శుద్ధి చేసిన నీటిని పంపారు. తర్వాతి కాలంలో గాలి ఏర్పాటును బాగా మెరుగుపరిచి అంతకంటే పెద్దవాటికీ గాలి చాలనిపించారు. నెమ్మదిగా తిరిగే జల యంత్రాన్ని వెడల్పుగా కట్టవచ్చు, వెడల్పయితే ఒళ్లు పెరుగుతుంది. బొగ్గు కరెంటు జనరేటర్‌కు ఆ వీలు లేదు. నిమిషానికి 3,000 సార్లు తిరిగే రోటర్‌ను వెడల్పు చేస్తే ఆ వేగానికి అదే చీలిపోతుంది. సన్నగా, పొడుగ్గా ఉంచక తప్పదు. అందుకే 1937లో అమెరికాలోని డేటన్‌లో గాలి బదులు హైడ్రోజన్ నింపిన జనరేటర్ వచ్చింది. 1956లో ఇంగ్లండ్‌లోని బోల్డ్ విద్యుత్ కేంద్రంలో మెట్రోపాలిటన్ వికర్స్ కంపెనీ 30 మెగావాట్ల జనరేటర్ స్టేటర్ రాగిలోకి నేరుగా నీళ్లు పంపింది. మన రామగుండం ఎన్టీపీసీలో ఉన్న 500 మెగావాట్ల తరహా యూనిట్లలో హైడ్రోజన్, నీరు రెండూ కలిసి పనిచేయడం మామూలు. కాబట్టి రాగి లోపలికే నీళ్లు పంపాలన్న పట్టుదల నాకు లేదు. కాని గాలితో చల్లబరిచామన్న చోట ఆ గాలి ఎక్కడ చల్లబడిందో కూడా చూడాలి. మూసిన గదిలో తిరిగే గాలి చివరికి తన వేడిని నీటి కూలర్‌కే ఇస్తుంది. గాయత్రి లాంటి భూగర్భ కేంద్రంలో ఆ నీరే లేకపోతే ఏడు మోటార్ల వేడి, పద్నాలుగు మెగావాట్లు, సొరంగపు గాలిలోనే మిగులుతుంది. అక్కడ మనిషి నిలబడలేడు.

రెండో అభ్యంతరం మామూలు జనం నుంచి వస్తుంది, అదీ సహజమే. కరెంటు ఉన్నచోటికి నీళ్లు తీసుకెళ్లడమేమిటి? ఈ భయానికి కారణం లేకపోలేదు. 2022 జులై వరదల్లో కాళేశ్వరం పథకంలోని కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగి, 40 మెగావాట్ల మోటార్లు పదిహేడు ఉన్న ఆ కేంద్రం ఎంత దెబ్బతిన్నదో రాష్ట్రమంతా చూసింది. కాని గోడ పడగొట్టుకుని వచ్చిన వరద వేరు, గొట్టంలో కొలత ప్రకారం పారే నీరు వేరు. కూలర్ గొట్టాలు రాగి చుట్టలకు దూరంగా, స్టేటర్ బయటి అంచున ఉంటాయి. గొట్టం కారితే నీరు కిందికి పోయేలా తొట్టి, తడి తగలగానే చెప్పే పరికరం పెడతారు. ఇక రాగి లోపలికే నీళ్లు పంపే యంత్రాల్లో వాడేది నది నీరు కానే కాదు. లవణాలన్నీ తీసేసిన నీరు. నీటిలో కరెంటును పారించేది ఆ లవణాలే కాబట్టి అవి లేని నీరు దాదాపు ఇన్సులేటర్‌లాగే ఉంటుంది. దాని శుద్ధిని గంట గంటకూ కొలుస్తూనే ఉంటారు. అంటే ప్రమాదం నీటిలో లేదు, నీటి మీద కన్ను వేయకపోవడంలో ఉంది.

ఆ కన్ను ఎక్కడ వేయాలో చెప్పుకుందాం. కూలర్లకు నీరు సాధారణంగా ఎత్తే నీటి నుంచే తీసుకుంటారు. ఆగస్టులో ఆ నీరు ఎర్రగా ఉంటుంది. సన్నని ఒండ్రు, ఆకులు, నాచు, అప్పుడప్పుడూ చిన్న నత్తలు కూడా వస్తాయి. వడపోత జల్లెళ్లు జతగా పెట్టి ఒకటి కడుగుతుంటే ఇంకొకటి పనిచేసేలా చూడాలి. మోటార్లు బాగా తిరగాల్సింది వరద రోజుల్లోనే, నీరు బాగా మురికిగా ఉండేదీ ఆ రోజుల్లోనే. వరద కాలువలో ఎదురెక్కే నీటిదీ ఇదే సంగతి. అందుకని రాంపూర్, రాజేశ్వరరావుపేట లాంటి చోట్ల ఒక్కో మోటారు వేడి రెండు వందల కిలోవాట్ల చిల్లరే అయినా, ఆ నీటి ఏర్పాటుకు గాయత్రితో సమానమైన శ్రద్ధ కావాలంటాను. కూలర్‌లోకి పోయే నీటి వేడి ఎంత, బయటికి వచ్చే నీటి వేడి ఎంత, రెంటి మధ్య తేడా నెలనెలా ఎలా మారుతోంది? ఈ ఒక్క వరసను చదవగలిగితే గొట్టాలు ఎప్పుడు పూడుకుంటున్నాయో ముందే తెలిసిపోతుంది. జలాశయాల నీటిమట్టాలు రోజూ పేపర్లో వస్తాయి. ఇంత ప్రజాధనంతో కట్టిన యంత్రాల ఉష్ణోగ్రతలు కూడా అలాగే ప్రజలకు తెలియాలని అడగడం అత్యాశ కాదు.

ఇక్కడ ఒకరు అడ్డు తగలవచ్చు: సగం రోజులు ఆగి ఉండే మోటార్లకు చల్లదనం గొడవ ఎందుకని. 2023 అక్టోబర్‌లో కాళేశ్వరం పథకంలోని మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాక అక్కడి నుంచి ఎత్తిపోత ఆగింది. ఎల్లంపల్లికి వరద వచ్చినప్పుడు నంది మేడారం, గాయత్రి పంప్‌హౌస్‌లు నడుస్తున్నాయి. ఆ బరాజ్ మీద జరుగుతున్న వాదన వేరు, దాన్ని ఇక్కడ తేల్చబోను. కాని ఆగిన మోటారుకు ఏ అవసరమూ ఉండదనుకోవడం పొరపాటు. పారని నీరు గొట్టంలో నిలిస్తే ఒండ్రు అడుక్కి దిగి గట్టిపడుతుంది, దాని కింద లోహం చుక్కలు చుక్కలుగా తినిపోతుంది. కాబట్టి ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే గొట్టాలు ఖాళీ చేసి ఆరబెట్టాలి, లేదా నీటిని పారనివ్వాలి. వైండింగ్ సంగతి ఇంకా విచిత్రం. తిరిగేటప్పుడు చల్లబరచాల్సిన ఆ రాగినే ఆగినప్పుడు హీటర్లు పెట్టి వెచ్చగా ఉంచాలి. భూగర్భంలో గాలి తేమగా ఉంటుంది, మోటారు చల్లారితే ఆ తేమ చుట్టల మీద చెమటలా పడుతుంది. ఆ తడి ఆరకుండా కరెంటు ఇస్తే ఇన్సులేషన్ అక్కడికక్కడే చిల్లు పడవచ్చు. ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్‌తో పరీక్షించి, ఆరిందని తేలాకే స్విచ్ వేయాలి. నడవని ఏడాదిలో కూడా ఈ పనికి మనుషులు, డబ్బు కావాలి. బడ్జెట్‌లో ముందుగా కోత పడే పద్దులు ఇవేనేమో అని నా భయం.

ఇప్పుడు పంప్‌హౌస్‌ల నుంచి పొలాల్లోకి వద్దాం. ద్రవంతో చల్లబరిచే మోటారు ఎక్కడో భూగర్భంలో ఉన్న వింత యంత్రమని చాలామంది అనుకుంటారు. జగిత్యాల, కోరుట్ల చుట్టూ వరి, పసుపు, మామిడి పెంచే ప్రతి రైతు బోరులోనూ అలాంటిదే ఒకటి ఉంది. సబ్‌మర్సిబుల్ మోటారును దించే ముందు మెకానిక్ మూత తీసి మంచినీళ్లు పోస్తాడు, బుడగలు ఆగేదాకా పోసి మూత బిగిస్తాడు. వైండింగ్ ఆ నీటిలోనే మునిగి ఉంటుంది. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి నీరు తగిలినా ఏమీ కాదు, కాని మామూలు పీవీసీ తొడుగు డెబ్బై డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. లోపలి నీరు వేడిని మోటారు గొట్టానికి ఇస్తుంది, బయట బోరులో కదిలే నీరు దాన్ని తీసుకుపోతుంది. అయిదు గుర్రపు శక్తి మోటారులో వేడిగా పోయేది సుమారు ఒక కిలోవాట్. సెకనుకు మూడు లీటర్లు పోసే బోరయితే ఆ వేడికి నీరు ఒక డిగ్రీలో పదో వంతు కూడా వేడెక్కదు. నీరు కదులుతున్నంతసేపు ఆ మోటారుకు అంత భద్రత.

బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టిందంటే మోటారును చల్లబరిచే నీరే కరువైందని అర్థం. పంపు గాలి లాగుతుంది, మోటారు మీద బరువు తగ్గి కరెంటు కొంత తగ్గుతుంది, అయినా లోపల వేడి పుట్టడం ఆగదు. నలభై కిలోల మోటారు, లోపల రెండు మూడు లీటర్ల నీరు. బయట కదిలే నీరు లేకపోతే అరగంట అటూ ఇటూగా తీగ తొడుగు మెత్తబడే వేడి వస్తుంది. ఎండాకాలంలో జగిత్యాల, కోరుట్లలో వైండింగ్ షాపుల ముందు మోటార్లు వరస కట్టడానికి ఇదొక ముఖ్య కారణం. లో వోల్టేజీ ఇంకో కారణం. వోల్టేజీ తగ్గితే మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది, కరెంటు నూటికి ఇరవై పెరిగితే వేడి నలభై నాలుగు పెరుగుతుంది.

అంతగా ఎవరూ పట్టించుకోని కారణం ఒకటుంది, అది మన రాతి నేలకు ప్రత్యేకం. సబ్‌మర్సిబుల్‌లో మోటారు కింద, పంపు పైన ఉంటాయి. పంపు నీళ్లు పీల్చేది రెంటి మధ్యనుంచి. బండలోని ఊట మోటారు కంటే కింద ఉంటే నీరు మోటారును ఒరుసుకుంటూ పైకి వస్తుంది, మోటారు చల్లగా ఉంటుంది. ఊట మోటారుకు పైన ఉంటే నీరు పైనుంచి దిగి నేరుగా పంపులోకి పోతుంది, కింద మోటారు చుట్టూ కదలని నీరు మిగులుతుంది. బోరు నిండా నీళ్లున్నా మోటారు ఎందుకు కాలిందో అర్థం కాక రైతు తల పట్టుకునేది ఇలాంటి చోటే. వెడల్పయిన బావిలో సబ్‌మర్సిబుల్ దించినా ఇదే కథ. మోటారు చుట్టూ ఒక గొట్టం తొడిగి, పైన మూసి కింద తెరిస్తే నీరు కిందినుంచి దూరి మోటారును తాకుతూ పైకి రాక తప్పదు. బోరులో ఆ తొడుగు పట్టే చోటు లేకపోతే మోటారును ఊటకు పైకి ఎత్తి కట్టాలి, నీటిమట్టం ఒప్పుకుంటేనే. ఇక మోటారును బోరు అడుగుకు ఆనించి దించితే చుట్టూ బురద పేరుకుంటుంది. బురద వేడిని కదలనివ్వదు.

పదేళ్లుగా ఇలాగే నడుపుతున్నాం, ఏం కాలేదు అని రైతు అంటే కాదనలేం. నీళ్లు పుష్కలంగా ఉన్న ఏళ్లలో ఏ తప్పయినా చెల్లుతుంది. నీటిమట్టం పడిపోయిన ఏడాదే ఆ తప్పు ఖర్చుగా మారుతుంది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ల సంగతీ ఇంతే. కరెంటు రాత్రిపూట, విడతలుగా వచ్చిన రోజుల్లో పాము భయానికో షాకు భయానికో పొలానికి పోలేక రైతులు వాటిని పెట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ప్రభుత్వం వాటిని తీసేయమని కోరింది. భూగర్భ జలం మిగులుతుందన్నది అప్పుడు చెప్పిన ముఖ్య కారణం. మోటారు కూడా మిగులుతుందని గట్టిగా చెప్పి ఉంటే రైతు ఇంకా త్వరగా ఒప్పుకునేవాడని నాకనిపిస్తుంది. ఆటో స్టార్టర్‌కు కరెంటు వచ్చిందా లేదా అన్నదే తెలుసు, బోరులో నీరుందా లేదా అన్నది తెలియదు. నీరు లేకపోతే దానంతటదే ఆపేసే డ్రై రన్ రక్షణ ఉన్న స్టార్టర్లు మార్కెట్లో దొరుకుతున్నాయి. వాటి ఖరీదు ఎక్కువన్న మాట వినిపిస్తుంది గాని, మోటారు పైకి లాగే కూలి, వైండింగ్ ఖర్చు, ఆ నాలుగు రోజులు ఎండిన మడి, ఇవన్నీ కూడితే ఆ మాట నిలవదు.

పొలం గట్టున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌నూ మరిచిపోకూడదు. అందులో తిరిగే భాగమేదీ లేదు గాని, దాని రాగీ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచేది నూనె. వేడెక్కిన నూనె పైకి లేచి పక్క రెక్కల్లో దిగుతూ చల్లారి మళ్లీ కిందికి చేరుతుంది, పంపు అక్కర్లేదు. కారి నూనె మట్టం తగ్గితే పైచుట్ట బయటపడుతుంది, ఇక అది ఎంతోకాలం ఉండదు. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలు నూనెను నేలపాలు చేసి పోతారు. ఒక రాత్రి దొంగతనానికి ఎన్ని ఎకరాల మడులు ఎండుతాయో ఆ ఊళ్లకే తెలుసు. బ్రీదర్ అని చిన్న గాజు డబ్బా ఉంటుంది, దానిలోని నీలి గుళికలు గులాబీ రంగుకు మారాయంటే నూనెలోకి తేమ దిగుతోందని లెక్క. ఆ రంగు నేల మీద నిలబడి దూరం నుంచే చూడవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ను తాకే పనే లేదు. చూసి లైన్‌మన్‌కు చెప్పడం ఊరివాళ్లు చేయగలిగిన పని.

సిరిసిల్లకు ఇందులో ఒక అనుకూలత ఉంది. 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ సెస్ అని పిలిచేది, దేశంలో ప్రయోగంగా పెట్టిన తొలి అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. కరెంటు వాడేవాళ్లే దానిలో సభ్యులు. సభ్యుల సమావేశంలో బకాయిలు, కొత్త లైన్లతో పాటు ఊరివారీగా ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిసార్లు కాలింది, ఏ నెలలో, నూనె తగ్గడం వల్లా, లోడు ఎక్కువ కావడం వల్లా అన్న పట్టిక కూడా పెడితే, ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలుతున్నాయో ఊరే చదువుకోగలుగుతుంది. జగిత్యాల, కోరుట్ల వైపు పంపిణీ సంస్థ వేరయినా ఆ పట్టిక తయారుచేయడం కష్టమేమీ కాదు, కాలిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ మార్చేది వాళ్లే కదా. వైండింగ్ షాపులోనూ ఒక చిన్న మార్పు రావాలి. విప్పిన మోటారులో తీగ అంతటా సమానంగా నల్లబడితే వేడి పోయే దారి మూసుకుందనో వోల్టేజీ తగ్గిందనో, ఒకటి రెండు ఫేజుల చుట్టలే నల్లబడితే కరెంటులో తేడా ఉందని మెకానిక్ కంటికి తెలిసిపోతుంది. ఆ సంగతి రైతుకు చెప్పి, బిల్లు మీద ఒక ముక్క రాసిస్తే, అదే మోటారును అదే లోతుకు దించాలో ఊటకు పైకి ఎత్తాలో ఆ రైతు రేపు పొద్దున బోరు దగ్గరే తేల్చుకుంటాడు.